తల మీద చెయ్యి

గుళ్ళో అర్చకులు శఠగోపం నెత్తిన పెట్టగానే నా ఒళ్ళు ఇప్పటికీ ఝల్లుమంటుంది. మొన్న శనివారం కూడా అంతే అయింది. తీర్థం పుచ్చుకుని, తులసాకు నములుతూ, అందరిలాగే తల వంచాను. ఆ చల్లటి అంచు పాపిట మీద ఆనిందో లేదో, ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశాను. వెనకున్న పెద్దావిడ కాలు తొక్కేశాను. "ఏమ్మా, స్వామి కొట్టినాడా?" అని ఆవిడ నవ్వింది. మా అత్తగారు మాత్రం నవ్వలేదు. ఇన్నేళ్ళు తిరుపతిలో ఉండి శఠగోపానికి బెదిరే మనిషిని ఎక్కడా చూడలేదని ఇంటికొచ్చేదాకా సణుగుతూనే ఉన్నారు. నేను మాట మార్చాను. తల మీద ఏదైనా ఆనితే నాకెందుకంత బెదురో చెప్పాలంటే మునిరత్నం సార్ దగ్గర మొదలుపెట్టాలి, నగరి దాకా వెళ్ళాలి, అక్కణ్నుంచి పూతలపట్టులో మా పుట్టింటి గడప దాకా రావాలి. ఆటోలో కూర్చుని చెప్పే సంగతి కాదు.

సార్ పోయి రెండేళ్ళయింది. నేను ఆయన దగ్గర పనికి చేరినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. చేతిలో సోషల్ వర్క్ డిగ్రీ, నోట్లో అవసరానికి మించిన మాటలు. రేణిగుంట రోడ్డులో టైర్ల అంగడి పైన రెండు హాళ్ళు, ఒక వరండా, అదే మా తాగుడు మాన్పించే కేంద్రం. కాలిన రబ్బరు వాసన అన్నంలోకి కూడా వచ్చేది. సార్ అక్కడ పెద్ద కౌన్సెలర్. పొట్టి మనిషి. చొక్కా జేబుకు ఎప్పుడూ ఒక సిరా మరక, ప్యాంటు జేబులో వేయించిన శనక్కాయలు. అక్కడికొచ్చేవాళ్ళంతా ఆయన ఒకప్పుడు పెద్ద తాగుబోతై ఉంటారని గట్టిగా నమ్మేవాళ్ళు, లేకపోతే మా లోపలి సంగతులు ఈయనకెలా తెలుస్తాయని. నిజానికి ఆయన టీ కూడా తాగరు. ఆ మాట చెప్తే ఒక్కరూ నమ్మేవాళ్ళు కాదు. చివరికి చెప్పడమే మానేశారు.

రోజూ పొద్దున ఆయన చేసే మొదటి పని, వరండా గచ్చు మీద సుద్దముక్కతో పది అడ్డగీతలు గీయడం. పిల్లలు తొక్కుడుబిళ్ళకు గీసుకున్నట్టు ఉండేది. నేను చేరిన రోజు ఒక లారీ డ్రైవర్‌ను తీసుకొచ్చి ఆ గీతల ముందు నిలబెట్టారు. మానాలని అసలు లేకపోతే ఒకటో గీత, గట్టిగా ఉంటే పదో గీత. ఎక్కడ నిలబడతావో నీ ఇష్టం, ఎవరూ ఏమీ అనరు. ఆ డ్రైవర్ కాసేపు తల గోక్కుని మూడో గీత మీద నిలబడ్డాడు. మూడేమిటయ్యా సిగ్గులేకుండా, పదికి ఎప్పుడొస్తావు అని అడగాలని నా నోరు దురద పెట్టింది. సార్ అడిగింది వేరు.

"మూడు మీద నిలబడినావే, ఒకటి మీద ఎందుకు నిలబడలేదప్పా?"

ఆ డ్రైవర్ తెల్లబోయాడు. నేనూ తెల్లబోయాను. అతను నేల చూస్తూ అన్నాడు, "నా కూతురు నా బండెక్కడం మానేసింది సార్. ముందు సీట్లో కూసోని పాటలు పాడేది. ఇప్పుడు పిలిస్తే రాదు." ఆ మాట అతని నోటి నుంచి అంతకుముందు ఎవరూ విన్నట్టు లేదు. పక్కనే ఉన్న అతని తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అది చాలదన్నట్టు సార్ ఇంకో ప్రశ్న వేశారు. "సరే, తాగితే నీకు ఏం బాగుంటాదో అది చెప్పు." మాన్పించే చోట కూర్చుని తాగుడులో మంచేమిటని అడుగుతారా? అతను వెళ్ళేదాకా ఆగి, సార్ మీదికి దూకాను. "ఏంది సార్ ఇది, మీరే వాళ్ళకు మందు గుర్తు చేస్తాండారే!"

ఆయన ఒక శనక్కాయ వొలిచి నోట్లో వేసుకున్నారు. "మర్చిపోయి ఉన్నాడనుకున్నావా అమ్మా?" అన్నారు. తర్వాత నాకు కూడా రెండు కాయలు ఇచ్చి, "మనం తోస్తే మనిషి ఎనక్కి తంతాడు. తన నోటితో తాను చెప్పుకున్న మాటే తనకు పనికొస్తాది. మన నోరు మూసుకోని ఉండడమే మన పని," అన్నారు. నోరు మూసుకోవడం నా వల్ల అయ్యే పని కాదని ఆ రోజే ఆయనకు అర్థమై ఉండాలి.

ఇక చెంగల్రాయుడి సంగతి. నగరిలో పవర్‌లూమ్ మగ్గాల షెడ్డులో నేతపని చేసేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. భార్య దేవకి తీసుకొచ్చి చేర్చింది. అంతకుముందే కాణిపాకం తీసుకెళ్ళి ప్రమాణం చేయించారట, కొన్నాళ్ళు నిలబడ్డాడట. మా వైపు ఇది మామూలే. తాగేవాడు కాణిపాకం వెళ్ళి స్వామి ముందు ఒట్టేస్తే ఆ ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. చెంగల్రాయుడు మా దగ్గర నెల రోజులు ఉన్నాడు. మొదట రెండో గీత మీద నిలబడ్డవాడు చివరికి ఏడో గీతకు వచ్చాడు. చేతుల వణుకు తగ్గింది. మగ్గం గురించి అడిగితే కళ్ళు వెలిగేవి. ఆదివారం ఆదివారం దేవకి వాళ్ళ కూతురు పవిత్రను తీసుకొచ్చేది. ఎనిమిదేళ్ళది, రెండు జడలు, ఒక్కచోట నిలబడదు. వరండా గీతల మీద ఒంటికాలితో గెంతి పదో గీత దగ్గర చేతులెత్తి, "నేనే గెలిచినా" అని అరిచేది. చెంగల్రాయుడు ఆ పిల్లను చూస్తున్నంతసేపు వేరే మనిషిలా ఉండేవాడు.

అతను ఇంటికి వెళ్ళే రోజు సార్ ఊళ్ళో లేరు. పలమనేరులో ఏదో కార్యక్రమానికి వెళ్ళారు. పెత్తనం నాది. సామాన్లు సర్దుకున్నాక దేవకి నా రెండు చేతులూ పట్టుకుంది. "మేడమ్, మీకు దండం పెడతా. పోయే ముందు పాప తల మీద ఒట్టేయించండి. దేవుడి మీద పెడితే తప్పినాడు. పాప మీద పెడితే తప్పడు. మీరు చెప్తే ఇంటాడు." నాకు అది ఎంతో సబబుగా తోచింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఉత్సాహంగా కూడా అనిపించింది. సార్ గీతలు గీసి నెలలు నెలలు సాగదీసే పనిని నేను ఒక్క పూటలో బిగించేస్తున్నాననుకున్నాను. ఆఫీసు గదిలో దేవుడి పటం ముందు నుంచి కర్పూరం పళ్ళెం తెచ్చింది నేను. అగ్గిపుల్ల గీసింది నేను. ఆ పిల్ల భుజాలు పట్టుకుని తండ్రి ముందు నిలబెట్టింది నేను.

చెంగల్రాయుడు వద్దన్నాడు. అది నేను దాచను. "వొద్దు మేడమ్. ఒట్లు వొద్దు. నేనే ఉంటా," అని వెనక్కి జరిగాడు. దానికి నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మానేదే నిజమైతే నీకు బయమెందుకప్పా?" అతను చెయ్యి తెచ్చి పాప తల మీద పెట్టాడు. "ఇంగ తాగితే నా బిడ్డ నాకు దక్కదు" అన్నాడు. దేవకి ఏడ్చింది. హాల్లో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పవిత్ర కర్పూరం వంకే చూస్తోంది. అది పూర్తిగా ఆరిపోయేదాకా చూసింది.

మర్నాడు సార్ రాగానే ఈ ఘనకార్యం చెప్పాను. ఆయన శనక్కాయ వొలవబోతున్నవారు ఆగిపోయారు.

"ఆ పాపను ఎవరన్నా అడిగినారా అమ్మా?"

"ఏమని సార్?"

"నీ తల తీసుకుంటామని."

అంతే అన్నారు. లేచి నగరికి ఫోన్ చేసి చెంగల్రాయుడితో చాలాసేపు మాట్లాడారు. నాకు ఒళ్ళు మండింది. ఈయన పద్ధతి కాకుండా వేరే ఏం చేసినా ఓర్చుకోలేరు అనుకున్నాను. వారం రోజులు ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. పైగా చెంగల్రాయుడు ప్రతి బుధవారం ఠంచనుగా నగరి నుంచి బస్సెక్కి వచ్చి కనపడి పోతుంటే, "సూసినారా సార్, మా ఒట్టు పనిచేసింది" అని దెప్పేదాన్ని. "సంతోషమమ్మా. అట్లే ఉండనీ," అనేవారు. అయిదు బుధవారాలు వచ్చాడు. ఆరో బుధవారం రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఏడో బుధవారమూ అంతే. ఆ మర్నాడు పొద్దున్నే సార్ గీతలు గీయకుండా సంచీ భుజాన వేసుకున్నారు. "రామ్మా, నగరికి పోదాం," అన్నారు.

నగరిలో ఆ వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. పక్క మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. దేవకి గుమ్మంలోనే మమ్మల్ని చూసి కూలబడింది. పోయిన వారం వాళ్ళ బంధువుల ఇంట్లో చావుకు వెళ్ళాడట చెంగల్రాయుడు. పాడె మోసి వచ్చిన వాళ్ళందరికీ పోశారు, అతనికీ పోశారు. "ఒగ గ్లాసే మేడమ్. ఇంటికొచ్చి తానే చెప్పుకోని ఏడ్సినాడు. తెల్లారేసరికి పాపకి జరం. ఒళ్ళు కాలిపోతాండాది." ప్రమాణం తగిలిందని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోనక్కర్లేకపోయింది. ఆ పొద్దే అతను ఇల్లు వదిలాడు. తన గాలి కూడా పాపకు తగలకూడదని మగ్గాల షెడ్డులో ఒక మూల పడి ఉన్నాడు. అప్పట్నుంచి తాగుతూనే ఉన్నాడు. తిండి తీసుకెళ్తే, "బిడ్డకే దిక్కులేదు, నాకెందుకు" అని తోసేస్తున్నాడట. సార్ ముందు ఆస్పత్రి చీటీలు అడిగారు. రక్తపరీక్ష కాగితం కళ్ళజోడు సర్దుకుని మూడుసార్లు చదివారు. ఊళ్ళో ఇంటింటికీ ఉన్న మామూలు విషజ్వరమే, రెండు రోజులుగా తగ్గుముఖం పట్టింది. నిన్న పొద్దున్నుంచి అసలు లేదు. "తగ్గిందని చెప్పినా నమ్మడు సార్," అంది దేవకి. "పైకి తగ్గినట్టు కనపడతాది, అట్లే తీసకపోతాది అంటాడు."

వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను లోపలికి వెళ్ళాను. పవిత్ర చాప మీద గోడకానుకుని కూర్చుని ఉంది. జడలు విప్పేసి ఉన్నాయి, మొహం ఇంతైపోయింది. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వింది. పక్కన కూర్చున్నాను. వాళ్ళమ్మ వినకుండా ఉండాలని నా చెవి దగ్గరకు జరిగి అడిగింది.

"అక్కా, మా నాయన తాగినాడంట. నేనెప్పుడు సచ్చిపోతా?"

బస్సెప్పుడొస్తుంది అని అడిగినట్టు అడిగింది. ఏం కాదమ్మా, అట్లాంటిదేం లేదు అని ఏదో గొణిగాను. "అమ్మ గూడా అట్లే చెప్తాది," అని ఆ పిల్ల ఓపిగ్గా వివరించింది. "వచ్చే వారం శుక్రవారం బళ్ళో పరుగుపందెం ఉండాది. టీచరు నా పేరు రాసుకునింది. నేను ఉండకపోతే ముందే చెప్పాల గదా, ఇంగో పాప పేరు రాసుకుంటాది." మగ్గాల చప్పుడు అంత మోతగా ఉన్నా నా చెవుల్లో ఏమీ వినపడలేదు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్ళప్పుడు అదే ప్రశ్న నాలోపల నేను అడుక్కున్నాను, అడగడానికి ఎవరూ లేక. అది నేను ఎలా మర్చిపోయాను? మర్చిపోయి, ఈ చేతులతోనే ఆ పిల్లను కర్పూరం ముందు ఎలా నిలబెట్టాను? లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను. సార్ వచ్చి చెంబుతో నీళ్ళిచ్చారు.

షెడ్డు వీధి చివర ఉంది. మగ్గాల వెనక పాత నూలు గోతాల మధ్య చెంగల్రాయుడు పడుకుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక మొహం చేతుల్లో దాచుకున్నాడు. సార్ ఆ మట్టిలోనే అతని పక్కన చతికిలబడ్డారు. నాకు నేతగాడికి సరిపోయే మంచి మాట ఒకటి, తెగిన పోగు గురించి, ముడి వేయడం గురించి, నాలుక చివరిదాకా వచ్చింది. సార్ నా వంక చూశారు. మింగేశాను.

"తప్పు మాదప్పా," అన్నారు సార్. నేను నిర్ఘాంతపోయాను. ఆ రోజు ఊళ్ళోనే లేని మనిషి. "నువ్వు వొద్దంటే ఇనకుండా ఒట్టేయించినాం. అది నీ తప్పు గాదు, మాది." నా కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "మీది గాదు సార్, నాది," అన్నాను. "నేనే సేయించినా చెంగల్రాయన్నా. నన్ను తిట్టు."

అతను తిట్టలేదు. "ఇంగ అయిపోయినాది గదా సార్. ఒట్టు పోయినాక మానేదేముండాది," అన్నాడు.

"ఆ చావింటికి పోకముందు ఎన్ని దినాలు ఉన్నావప్పా తాగకుండా?"

మొహం మీంచి చేతులు తీసి అన్నాడు, "డెబ్బై ఒగటి." లెక్క తప్పకుండా ఉంది అతని దగ్గర.

"ఎట్ల ఉన్నావు?"

ఒట్టు భయంతో ఉన్నానని చెప్తాడనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. ఇంటికొచ్చాక రోజూ సాయంత్రం కాగానే పాపను సైకిల్ మీద ఎక్కించుకుని పరుగుపందెం సాధనకు గ్రౌండుకు తీసుకెళ్ళేవాడట. ఆ పిల్ల పరిగెత్తుతుంటే తను చేతి గడియారం చూసి ఎన్ని సెకన్లు పట్టిందో చెప్పేవాడట. ఆ గంట గడిస్తే ఆ రోజు గడిచినట్టే అన్నాడు. సార్ జేబులోంచి సుద్దముక్క తీసి నేల మీద గీతలు గీయడం మొదలుపెట్టారు. మట్టిలో సరిగ్గా పడలేదు. వేలితో గీశారు. చెంగల్రాయుడు వాటిని చూస్తూ కూర్చున్నాడు. అతనికి లేచే ఓపిక లేదు. పాక్కుంటూ పోయి రెండో గీత మీద అరచెయ్యి పెట్టాడు.

"ఒకటి మీద ఎందుకు పెట్టలేదప్పా?"

"పాపను ఒక్కసారి ముట్టుకోవాలని ఉండాది సార్. ధైర్యం చాల్లేదు." అని అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఇద్దరం చెరోపక్క పట్టుకుని ఇంటికి నడిపించాం. మొహం కడిగించాం. గడప దగ్గరికొచ్చి ఆగిపోయాడు, ఇక అడుగు పడదు. లోపల నుంచి ఆ పిల్ల, "నాయనా!" అని లేవబోయింది. వద్దు వద్దని చేతులు ఊపాడు. అప్పుడు సార్, పక్కింటికి పోయి పంచదార అడిగినంత మామూలుగా, ఒక మాట అన్నారు.

"పాపకి జరం ఉండాదో లేదో సూసి చెప్పప్పా. మాకు తెలీడం లేదు."

ఆ ఒక్క మాటకు అతను లోపలికి వెళ్ళాడు. వంగి, చెయ్యి ముందుకు చాపి, అక్కడే ఆపి, మళ్ళీ చాపి, చివరికి అరచెయ్యి తిప్పి వెనక భాగం ఆ పిల్ల నుదుటి మీద ఆనించాడు. "లేదు సార్," అన్నాడు. "సల్లగా ఉండాది." ఆ చెయ్యి తీయడానికి వీల్లేకుండా పవిత్ర రెండు చేతులతో పట్టేసుకుంది.

"మళ్ళా ఒట్టేస్తావా నాయనా?"

"వెయ్యనమ్మా. నీ మీద ఇంగెప్పుడూ వెయ్యను."

ఆ సాయంత్రమే అతన్ని మాతో తీసుకొచ్చి చేర్చుకున్నాం. మరుసటి వారం శుక్రవారం పవిత్ర పరుగుపందెంలో ఉంది, నీరసంగా ఉండి చివరి నుంచి రెండోది వచ్చింది. ఆ సంగతి దేవకి ఫోన్‌లో చెప్తే చెంగల్రాయుడు హాలంతా చెప్పుకు తిరిగాడు. తర్వాత కూడా అతను రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆ వచ్చే బుధవారానికే తనంతట తాను బస్సెక్కి వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఆ తర్వాత ఏళ్ళుగా బాగున్నాడు.

నగరి నుంచి వచ్చిన మర్నాడు నేను రాజీనామా కాగితం రాసుకుని వెళ్ళాను. సార్ గీతలు గీస్తున్నారు. కాగితం ఇస్తే చదవకుండా జేబులో పెట్టుకుని, "ఈ పనిలో ఉండాలని నీకెంత ఉండాది? నిలబడమ్మా," అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా మీద కూడా ఈ ఆటేనా? కావాలనే పోయి ఒకటో గీత మీద నిలబడ్డాను. ఇప్పుడేమడుగుతారో చూద్దామని. ఆయన తాపీగా, "గీతలు దాటి మెట్లు దిగి పోకుండా, ఒకటి మీదన్నా ఎందుకు నిలబడినావు?" అన్నారు.

అప్పుడు చెప్పాను. అంతకుముందు ఎవరికీ, మా ఆయనకు కూడా, చెప్పనిది. మా నాయన పూతలపట్టు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, బాగా తాగేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ కర్పూరం వెలిగించి నా తల మీద ఆయన చేత ఒట్టేయించింది. ఆ చెయ్యి చెమటతో తడిగా ఉండడం, నా పాపిట్లోకి ఆ తడి దిగడం నాకిప్పటికీ తెలుస్తుంది. మూడో రోజు ఆయన తాగొచ్చాడు. నేను నా రంగు పెన్సిళ్ళ డబ్బా తీసుకెళ్ళి స్నేహితురాలికి ఇచ్చేశాను. రోజూ బళ్ళో కూర్చుని ఎదురుచూశాను. ఎన్నాళ్ళు చూశానో, ఎప్పుడు మానేశానో గుర్తులేదు. "తెలిసి తెలిసి అదే పని ఆ బిడ్డకు చేసినా సార్. ఎందుకు చేసినానో నాకే తెలీదు."

"మనింట్లో సూసిందే మన చేతికొస్తాదమ్మా," అన్నారు. "ఆ తర్వాత మీ నాయన నీ తల మీద ఎప్పుడన్నా చెయ్యి పెట్టినాడా?"

లేదన్నాను. అసలు నన్ను ముట్టుకునేవాడే కాదు. పదో తరగతిలో బడికంతా మొదటి మార్కులొస్తే మిఠాయి పొట్లం అమ్మ చేతికిచ్చి నాకిమ్మన్నాడు. ఇంటర్‌లో నాకు టైఫాయిడ్ వస్తే పన్నెండు రోజులు గడప అవతలే నిలబడి, "జరం తగ్గిందా?" అని అడిగేవాడు. లోపలికొచ్చి చూడరాదా అని అమ్మ కసిరేది. రాలేదు. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని, జవాబు చెప్పేదాన్ని కాదు. ఇంత రాతిగుండె మనిషి ఉంటాడా అనుకునేదాన్ని. నేను డిగ్రీలో చేరిన ఏడాదే పోయాడు. నేను సరిగ్గా ఏడవను కూడా లేదు.

సార్ చేతిలోని సుద్దముక్క గచ్చు మీద పెట్టారు. మెల్లగా అన్నారు.

"ఆయప్ప బయపడినాడేమోమ్మా. తన చెయ్యి తగిల్తే నీకేమన్నా అవుతాదని."

నేను ఆ ఒకటో గీత మీదే కూర్చుండిపోయాను. నిన్న గడప దగ్గర ఆగిపోయి వద్దు వద్దని చేతులు ఊపిన చెంగల్రాయుణ్ని నా రెండు కళ్ళతో చూశాను. చూసి కూడా నాకు తట్టలేదు. పన్నెండు రోజులు ఒక మనిషి గడప అవతల నిలబడ్డాడు. నాకోసం నిలబడ్డాడు. ఆయన్ని లోపలికి పిలిచి నా నుదురు చూపించడానికి మా ఇంట్లో ఒక మునిరత్నం సార్ లేకపోయారు. కింద టైర్ల అంగడిలో సుత్తి చప్పుడు, పైన నా ఏడుపు. సార్ పక్కన కూర్చుని శనక్కాయలు వొలిచి ఒక్కొక్కటే నా చేతిలో పెడుతూ ఉన్నారు. నా రాజీనామా కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది, దానికీ సిరా మరక అంటింది.

ఇప్పుడు ఆ వరండాలో గీతలు నేను గీస్తున్నాను. పోయిన నెల ఒకావిడ మొగుణ్ని ఇంటికి తీసుకెళ్ళే ముందు చెంగులో ముడేసుకొచ్చిన కర్పూరం తీసింది. కూతుర్ని ముందుకు నెట్టింది. నేను వెళ్ళి ఆ పిల్ల నెత్తి మీద నా చెయ్యి పెట్టేశాను, ఇంకో చెయ్యికి చోటు లేకుండా. "పాపకి జరం ఉండాదేమో సూడప్పా," అన్నాను తండ్రితో. అతను అయోమయంగా చూసి, వచ్చి, నుదురు తాకి, "లేదు మేడమ్," అన్నాడు. "అయితే పోయి రండి," అన్నాను.

మొన్న గుళ్ళో ఉలిక్కిపడినప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది. ఆ పాపిట్లోని తడి కాదు, ఈసారి ఆ గడప. అవతల నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, మా నాయన. జరం తగ్గిందా అని అడుగుతున్నాడు. ఇంటికొచ్చేదాకా అత్తగారు సణుగుతూనే ఉన్నారు. నేను ఆటోలో తల బయటికి పెట్టి, ఆవిడకు వినపడకుండా, ఇన్నేళ్ళకు జవాబు చెప్పాను.

తగ్గింది నాయనా. లోపలికి రా.